క్రాఫిష్ ధరల పట్టిక: ఒక సీజన్ డైరీ (2024 డిసెంబరు – 2025 మే)

లూసియానా క్రాఫిష్ (రొయ్యను పోలిన మంచినీటి జీవి) ధర జనవరిలో ఒకలా, ఏప్రిల్‌లో ఇంకోలా ఎందుకుంటుందో వారం వారం రాసి చూసిన లెక్క ఇది. హ్యూస్టన్, డాలస్ వైపు ఏటా క్రాఫిష్ బాయిల్ (మసాలా నీళ్లలో ఉడికించి అందరూ కలిసి తినే విందు) పెట్టుకునే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సంచి ఏ వారం కొనాలో తేల్చుకోవడానికి ఈ పట్టికను ఎవరైనా తయారుచేసుకోవచ్చు. మొదటి రెండు నెలలు తప్పులతోనే గడిచాయి. అవి మళ్లీ జరగకూడదని వాటినే ఎక్కువగా రాస్తున్నాం.

దశ 1: ఏం రాసుకోవాలి (డిసెంబరు 5 – 26)

మొత్తం 14 దుకాణాలు. 9 హ్యూస్టన్ పరిసరాల్లో, 5 లూసియానాలోని లఫాయెట్, బ్రో బ్రిడ్జ్, క్రౌలీ వైపు. ప్రతి గురువారం మధ్యాహ్నం ధర రాయాలి. గురువారమే ఎందుకంటే శని ఆదివారాల ధర ఆ రోజుకి బోర్డెక్కుతుంది. అమెరికా కరువు పటం కూడా ప్రతి గురువారమే వస్తుంది.

మొదటి నాలుగు వారాల్లో రాసిన వరుసల్లో సగం దాకా పారేయాల్సి వచ్చింది. కారణాలు ఇవి:

1. బతికిన సరుకు ధర, ఉడికించిన సరుకు ధర ఒకే గడిలో రాశాం. ఉడికించిన దానిలో మసాలా, గ్యాసు, కూలీ, దుకాణం అద్దె అన్నీ కలిసే ఉంటాయి. పొలంలో ధర పడిపోయినా అది అంత తొందరగా దిగదు.
2. కొందరు పౌను లెక్కన, కొందరు సంచి లెక్కన చెప్తారు. సంచి 30 పౌన్లా, 35 పౌన్లా అని అడగలేదు.
3. సైజు రాయలేదు. పెద్దవి ఏరి పెట్టిన ‘సెలెక్ట్’ వేరు, చెరువులో ఎర పెట్టి దించిన బుట్టలో పడ్డది పడ్డట్టు సంచికెత్తిన ‘ఫీల్డ్ రన్’ వేరు, తోక మాంసం ఒలవడానికి పంపే చిన్న ‘పీలర్’ వేరు. ఈ మూడింటినీ కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థమే లేదు.

మార్చినవి: ‘బతికినవా, ఉడికించినవా’, ‘సైజు’, ‘సంచి పౌన్లు’ అని మూడు గడులు కలిపాం. సగటు తీసేసి మీడియన్ (ధరలను వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యనుండే అంకె) పెట్టాం. ఒక్క దుకాణం మరీ ఎక్కువ చెప్తే సగటు పాడవుతుంది, మీడియన్ చెదరదు.

*ఇప్పటికి: 4 వారాలు, 56 వరుసలు, పనికొచ్చినవి 31, ఖర్చు 0.*

దశ 2: సంచి తూకం (జనవరి 9 వరకు)

బోర్డు మీద పౌను ధరకీ, గిన్నెలోకి వచ్చే పౌను ధరకీ తేడా ఉంటుంది. అది తెలియకపోతే రెండు దుకాణాలను పోల్చలేం. 22 డాలర్లకు వేలాడదీసే తూకం ఒకటి కొన్నాం.

తూచే పద్ధతి:

1. సంచి దుకాణం నుంచి రాగానే నీళ్లు ఓడేలా 15 నిమిషాలు వేలాడదీసి అప్పుడు తూచాలి. తడి సంచిని అలాగే తూస్తే నీళ్ల బరువు కూడా లెక్కలోకి వస్తుంది.
2. తొట్టెలో పోసి చచ్చినవి ఏరాలి. కదలని వాటిని, తోక చాపుకుని వేలాడేవాటిని పక్కన పెట్టి వేరుగా తూచాలి.
3. మొదటి తూకంలోంచి రెండోది తీసేస్తే మిగిలేదే అసలు సరుకు.

లెక్క ఎలా మారుతుందో చూడండి. 35 పౌన్ల సంచి 140 డాలర్లు అనుకుందాం. బోర్డు లెక్కన పౌను 4.00. నీళ్లు ఓడ్చాక 33 పౌన్లు తూగితే 4.24. చచ్చినవి పౌనున్నర పోతే 31.5 పౌన్లు, అంటే 4.44. ఇందులో తోక మాంసం బరువు సుమారు 15 శాతం. 31.5 పౌన్లకు 4.7 పౌన్ల మాంసం, పౌను మాంసం దాదాపు 30 డాలర్లు పడుతుంది. బతికిన సరుకు చవగ్గా ఉన్న రోజున కూడా ఒలిచిన మాంసం ప్యాకెట్ ఎందుకంత ఖరీదో ఇక్కడ అర్థమవుతుంది. చైనా నుంచి వచ్చే గడ్డకట్టిన తోక మాంసం మీద 1997 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి అమ్మే దిగుమతుల మీద వేసే పన్ను) ఉంది. ఆ ప్యాకెట్ల ధర ఇక్కడి వాన, చలి చూసి ఊగదు. అందుకే ప్యాకెట్ ధరలను ఈ పట్టికలోంచి పూర్తిగా తీసేశాం.

సంచిని తడిపిన గోనె కప్పి చల్లటి చోట పెట్టాలి, నీళ్లలో ముంచి ఉంచకూడదు. నిల్వ నీళ్లలో ప్రాణవాయువు అయిపోగానే ఊపిరాడక చస్తాయి.

*ఇప్పటికి: 6 వారాలు, 84 వరుసలు, పనికొచ్చినవి 55, ఖర్చు 22 డాలర్లు.*

దశ 3: మంచు కురిసిన వారం, అబద్ధపు ధర (జనవరి 30 వరకు)

ఈ పట్టికలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే దొరికింది.

జనవరి 21న గల్ఫ్ తీరమంతా మంచు కురిసింది. న్యూ ఆర్లీన్స్‌లోనే 8 అంగుళాలు పడింది. నైరుతి లూసియానాలో చెరువుల మీద మంచు పలకలు కట్టాయి, పడవలు దిగలేదు, బుట్టలు ఎత్తేవాళ్లు లేరు. జనవరి 23న మా పట్టికలో మాత్రం ధర కదల్లేదు! వింతగా అనిపించి ఒక్కో దుకాణానికీ ఫోన్ చేసి అడిగితే తేలింది: సరుకే లేదు. బోర్డు మీద పాత అంకె అలాగే ఉండిపోయింది, దాన్నే మేము ఆ వారం ధర అని రాసుకున్నాం.

ధర మారలేదంటే సరుకు అందుతోందని అర్థం కాదు. కొనడానికి ఏమీ లేనప్పుడు ఉండే ధర ధరే కాదు. దీన్ని ఇలా సరిచేశాం:

1. ‘సరుకు ఉందా’ అనే గడి: ఉంది, ముందే ఆర్డరిస్తేనే, లేదు.
2. ‘లేదు’ అని ఉంటే ధర గడి ఖాళీ. సున్నా వేయకూడదు, పోయిన వారం అంకెను కిందికి లాగకూడదు.
3. సరుకు ఉన్న దుకాణాలు ఎన్నో వేరే గడిలో. 14లో ఎన్ని అన్నదే ఒక కొలత.
4. ‘ఒక్కరికి ఇన్ని పౌన్లే’ అని హద్దు పెడితే దాన్నీ రాయాలి. ధర పెంచడానికి ముందు దుకాణాలు మొదట పెట్టేది ఈ హద్దే.

పాత వరుసలన్నీ వెనక్కి వెళ్లి సరిచేస్తే మూడు వారాల్లోనే 19 వరుసలు పోయాయి. ఇలా తీసేశాక గాని పట్టికలో మంచు వారం గొయ్యి కనిపించలేదు.

ఇంకో విషయం. ఆ మంచు దెబ్బ నుంచి తేరుకోకముందే, ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లోనే సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్). పట్టేది తగ్గింది, అడిగేవాళ్లు పెరిగారు. ధర ఎక్కినంత మాత్రాన అదంతా వాతావరణం ఖాతాలో వేయకూడదు. అందుకే ‘గిరాకీ రోజులు’ అని ఒక గడి అప్పుడే కలిపాం.

*ఇప్పటికి: 9 వారాలు, 126 వరుసలు, పనికొచ్చినవి 78, ఖర్చు 22 డాలర్లు (జనవరిలోనే కొన్న తొట్టె, థర్మామీటర్ దశ 4 లెక్కలో).*

దశ 4: గాలి చలి కాదు, నీళ్ల చలి (ఫిబ్రవరి 13 వరకు)

నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ (10 సెల్సియస్) కిందికి దిగితే క్రాఫిష్ దాదాపు కదలదు, తినదు, పెరగదు. ఎర పెట్టినా బుట్టలోకి రాదు. బాగా పెరిగేది 70 దాటిన నీళ్లలో. రైతుకు పడవ ఖర్చు, ఎర ఖర్చు, కూలీ అంతే ఉంటాయి, బుట్టకు పడేది మాత్రం తగ్గుతుంది. కాబట్టి పౌను ఖర్చు పెరుగుతుంది. ఎకరానికి 10 – 15 బుట్టల చొప్పున ఎత్తేవాళ్లు చలి మరీ ముదిరితే ఎత్తడమే మానేస్తారు. ఎర కూడా మారుతుంది. చల్లటి నీళ్లలో చేప ముక్కలు, 70 దాటాక కంపెనీ బిళ్లలు.

మొదట మేము రాసింది రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత. ధరతో అది అసలు పొసగలేదు. నీళ్లు గాలి వెంటనే చల్లబడవు, వెంటనే వెచ్చబడవు. దాన్ని కళ్లారా చూడటానికి పెరట్లో ఒక తొట్టె పెట్టాం.

1. నల్ల ప్లాస్టిక్ తొట్టె, 14 అంగుళాల నీరు. క్రాఫిష్ చెరువులో ఉండే లోతు ఇంచుమించు ఇంతే. అడుగున రెండంగుళాల మట్టి. తొట్టె ఖరీదు 14 డాలర్లు.
2. తీగ ఉన్న థర్మామీటర్, 18 డాలర్లు. దాని మొన నీళ్ల మధ్యలో వేలాడాలి, మట్టికి గాని పక్కకు గాని తగలకూడదు.
3. ఉదయం 7, సాయంత్రం 4. రెండు అంకెలు.

మొదటి వారం తొట్టెను గోడ పక్కన, కాంక్రీటు మీద పెట్టాం. గోడ వేడి, నేల వేడి తగిలి సాయంత్రం అంకె 6 – 7 డిగ్రీలు ఎక్కువ వచ్చింది. నేలలో సగం దాకా పాతి, గోడకు పది అడుగులు జరిపాక సరిపడింది. జనవరి 21 ఉదయం తొట్టె మీద వేలు మందాన మంచు పలక ఉంది, అడుగున నీళ్లు మాత్రం ద్రవంగానే ఉన్నాయి. ఆ తర్వాత గాలి రెండు రోజుల్లోనే వెచ్చబడింది. తొట్టె 50 దాటడానికి మాత్రం ఐదు రోజులు పట్టింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గడచిన 7 రోజుల గాలి సగటు, తొట్టె అంకెకు దగ్గరగా వచ్చింది. అప్పటినుంచి లఫాయెట్ విమానాశ్రయం వాతావరణ లెక్కల్లోంచి 7 రోజుల సగటునే రాస్తున్నాం. మీకు తొట్టె అక్కర్లేదు, ఈ సగటు చాలు. సగటు 60 దాటి అక్కడే నిలబడితే రెండు మూడు వారాల్లో సరుకు పెరుగుతుంది. ఒక్క రోజు ఎండ చూసి ఆశపడితే లాభం లేదు.

*ఇప్పటికి: 11 వారాలు, 154 వరుసలు, పనికొచ్చినవి 104, ఖర్చు 54 డాలర్లు.*

దశ 5: వాన గడి కొట్టేశాం (ఫిబ్రవరి 27 వరకు)

ఈ వారం వాన, ఈ వారం ధర పక్కపక్కన రాసి పదమూడు వారాలు చూశాం. ఒకదానికొకటి ఏ సంబంధమూ కనబడలేదు. తప్పు లెక్కలో లేదు, వెతికిన చోటులో ఉంది. మార్చి ధరను తేల్చే వాన అంతకుముందు ఎండాకాలం, ఆకురాలు కాలాల్లో పడాల్సింది.

గోదావరి జిల్లాల్లో వరి పొలం గట్లకు ఎండ్రకాయలు బొరియలు పెట్టడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నైరుతి లూసియానాలోనూ వరి, క్రాఫిష్ ఒకే మడిలో. వసంతంలో వరి విత్తుతారు. మే, జూన్‌లో పైరు ఉండగానే ఎకరానికి 50 – 80 పౌన్ల పెద్ద క్రాఫిష్ వదులుతారు. కోతకు ముందు నీళ్లు తీసేయగానే అవి గట్ల కిందికి దూరి, బొరియ నోటికి మట్టి బిరడా పెట్టుకుంటాయి. ఆడవి లోపలే గుడ్లు పెట్టి, పిల్లల్ని తోక కింద అంటించుకుని ఉంటాయి. అక్టోబరులో మడికి మళ్లీ నీళ్లు పెడితే మట్టి నాని, బిరడా ఊడి, పిల్లలతో బయటికి వస్తాయి. కొయ్యకాళ్ల నుంచి మొలిచిన పిలకలు, కుళ్లే గడ్డి వాటి మేత. ఆ పిల్లలే మార్చి, ఏప్రిల్‌లో సంచిలోకి వచ్చే సరుకు.

ఇందులో ఎక్కడ చెడుతుందో వరుసగా:

1. బొరియ అడుగున తడి ఉండాలి. నేల పగుళ్లిచ్చేంత ఎండితే తల్లి అందులోనే చస్తుంది. 2023 వేసవిలో జరిగింది ఇదే. 2024 జనవరిలో బతికిన క్రాఫిష్ పౌను 10 డాలర్లు దాటి అమ్మిన దుకాణాలున్నాయి. ఆ మార్చి 6న లూసియానా గవర్నరు జెఫ్ లాండ్రీ విపత్తు ప్రకటన చేశారు. రాష్ట్రంలోని 3,65,000 ఎకరాల క్రాఫిష్ మడులన్నీ దెబ్బతిన్నాయని ఆ సందర్భంగా చెప్పారు.
2. అదే కరువులో నదులు, కాలువలు తగ్గి సముద్రం ఉప్పునీరు పైకెక్కింది. కాలువ నీటి మీద ఆధారపడే తీరప్రాంత రైతుకు నీరు ఉన్నా మడికి పెట్టలేని పరిస్థితి. బోరు నీళ్లు తోడితే డీజిలు ఖర్చు.
3. తొందరపడి సెప్టెంబరు వేడిలో నీళ్లు పెడితే గడ్డి కుళ్లి నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. అది 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో 3 పాళ్లు) పైన ఉండాలి. తెల్లవారుజామున కొలవాలి, ఎందుకంటే అప్పుడే అన్నిటికంటే తక్కువ. పడిపోతే పిల్లలు పోతాయి, ఆ నష్టం బయటపడేది ఫిబ్రవరిలో.
4. ఆలస్యంగా నీళ్లు పెడితే పిల్లలు చలిలోకి వెళ్తాయి, పెరుగుదల ఆగి, సరుకు మార్చి దాటాక గాని రాదు.

మార్చినవి: ఈ వారం వాన గడి తీసేశాం. దాని బదులు జులై నుంచి అక్టోబరు వరకు అకేడియా, వెర్మిలియన్, జెఫర్సన్ డేవిస్, సెయింట్ లాండ్రీ పారిష్‌లు (అక్కడి జిల్లాలు) కరువు పటంలో డీ3, డీ4 (అన్నిటికంటే తీవ్రమైన రెండు కరువు స్థాయిలు) రంగుల్లో ఎన్ని వారాలు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ ఒక్క అంకెనే సీజన్ మొత్తానికి పెట్టాం.

ఈ అంకెతో ధరకు గీత గీసే పని మొదలుపెట్టి వదిలేశాం. 2023 లాంటి ఏడు లెక్కలో ఒక్కటే ఉంది. ఒక్క బిందువు మీద ఆనించి గీసిన గీత చూడ్డానికి బాగుంటుంది, డబ్బు పెట్టడానికి పనికిరాదు. అంకె పెద్దదైతే ‘జనవరి, ఫిబ్రవరిలో కొనొద్దు, మార్చి నెలాఖరు దాకా ఆగాలి’ అనే ఒక్క హెచ్చరికకే వాడుతున్నాం.

*ఇప్పటికి: 13 వారాలు, 182 వరుసలు, పనికొచ్చినవి 131, ఖర్చు 54 డాలర్లు.*

దశ 6: తేదీలు పక్కన పెట్టి ఈస్టర్ లెక్క (ఏప్రిల్ 24 వరకు)

2024 మార్చి 28 ధరను 2025 మార్చి 28 ధరతో పోల్చబోయాం. ఇది తప్పు. 2024లో ఈస్టర్ మార్చి 31, కాబట్టి మార్చి 28 గుడ్ ఫ్రైడే ముందు రోజు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20. అదే తేదీ ఆ ఏడు పండగకు మూడు వారాల దూరంలో ఉంది.

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా లెంట్ (ఉపవాస) దినాల్లో శుక్రవారాలు మాంసం ముట్టని కేథలిక్కులు దక్షిణ లూసియానాలో ఎక్కువ. చేప, రొయ్య, క్రాఫిష్ తినొచ్చు. అందుకే ప్రతి శుక్రవారం గిరాకీ, గుడ్ ఫ్రైడేకి అన్నిటికంటే ఎక్కువ. ఈస్టర్ తొందరగా వస్తే ఆ గిరాకీ చల్లటి నీళ్ల కాలంలో పడుతుంది, ఆలస్యంగా వస్తే సరుకు పుష్కలంగా దిగే కాలంలో పడుతుంది. 2024లో కరువు దెబ్బకు తోడు ఈస్టర్ కూడా తొందరగానే వచ్చింది.

చేసినది: ‘ఈస్టర్‌కు ఎన్ని వారాలు’ అనే గడి. ముందు వారాలకు మైనస్, తర్వాతి వారాలకు ప్లస్. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5, భస్మ బుధవారం ఫిబ్రవరి 18. వచ్చే సీజన్‌కు ఈ రెండు తేదీలు ముందే వేసి పెట్టాం.

ఏప్రిల్ 24న, ఈస్టర్ తర్వాతి గురువారం, హ్యూస్టన్ వైపు తొమ్మిదిలో ఏడు దుకాణాలు ధర దించాయి. నీళ్లు వెచ్చగా ఉన్నాయి, పట్టేది తగ్గలేదు, అడిగేవాళ్లు తగ్గారు. బాయిల్ పెట్టుకునేవాళ్లకు మా సలహా: గుడ్ ఫ్రైడే వారం వదిలేసి తర్వాతి వారాంతం పెట్టుకోండి.

*ఇప్పటికి: 21 వారాలు, 294 వరుసలు, పనికొచ్చినవి 240, ఖర్చు 54 డాలర్లు.*

దశ 7: నది గడి (మే 22 వరకు)

ఇంతవరకు రాసిందంతా చెరువు సరుకు. రెండో దారి అచాఫలాయా బేసిన్‌లోని (దక్షిణ లూసియానాలో అచాఫలాయా నది పారే చిత్తడి అడవి) అడవి సరుకు. అక్కడ ఎవరూ నీళ్లు పెట్టరు, నది ఎక్కాలి. ఓల్డ్ రివర్ దగ్గరి కట్టడాలు మిసిసిపీ, రెడ్ నదుల మొత్తం నీటిలో 30 శాతం అచాఫలాయాలోకి వదులుతాయి. కాబట్టి చూడాల్సింది లూసియానాలో వాన కాదు, ఎగువన ఒహాయో, మిసిసిపీ లోయల్లో వాన. 2025 ఏప్రిల్ మొదటి వారంలో కెంటకీ, టెనెసీ వైపు కుండపోత కురిసింది. ఆ నీరు కిందికి రావడానికి వారాలు పట్టింది.

చూసే చోటు: బ్యూట్ లా రోజ్ దగ్గర యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) కొలిచే అచాఫలాయా నీటిమట్టం. మొదట్లో ఆ రోజు మట్టం రాశాం, రోజువారీ ఎగుడుదిగుళ్లతో ఏమీ తేలలేదు. ఒక్క రోజు ఎక్కి దిగిన నీటితో అడవిలో పిల్లలు పెరగవు, వారాల తరబడి నిలవాలి. ఇప్పుడు 28 రోజుల సగటు, దాని పక్కన ‘ఎక్కుతోందా, దిగుతోందా’ అనే గుర్తు మాత్రమే ఉంచాం.

అడవి సరుకు, చెరువు సరుకు కలిసి దిగే ఏప్రిల్ చివర, మే నెలల్లోనే ధర అట్టడుగుకు చేరుతుంది. మే మధ్య నుంచి జాగ్రత్త. ముదిరిన వాటి పెంకు గట్టిపడి ముదురెరుపుకు తిరుగుతుంది, ఒలవడం కష్టం, మాంసం తక్కువ. కొందరు రైతులు వరి విత్తడానికి మడులు ఖాళీ చేస్తారు. అప్పుడు ధర తక్కువ కనిపించినా సంచి విప్పి పెంకు నొక్కి చూడకుండా కొనొద్దు. బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలి. ‘పెంకు’ అనే గడిలో గట్టి, మధ్యస్థం, మెత్తన అని రాయడం మే 8న మొదలుపెట్టాం. ఏప్రిల్ నుంచే రాయాల్సింది.

*మొత్తం: 25 వారాలు, 350 వరుసలు, పనికొచ్చినవి 295, ఖర్చు 54 డాలర్లు (సరుకు ఖర్చు కాకుండా).*

చివరికి నిలిచిన గడులు

తేదీ, దుకాణం సంఖ్య, బతికినవా ఉడికించినవా, సైజు, సంచి పౌన్లు, ధర, సరుకు ఉందా, హద్దు, పెంకు, లఫాయెట్ 7 రోజుల సగటు, ఈస్టర్‌కు వారాలు, గిరాకీ రోజు, నది 28 రోజుల సగటు, కిందటి వేసవి కరువు వారాలు.

వారానికి పట్టే సమయం మొదట్లో గంటన్నర, ఇప్పుడు 40 నిమిషాలు. ఎక్కువ సమయం ఫోన్లకే పోతుంది. ఫోన్‌లో అడగాల్సిన మొదటి మాట ధర కాదు, ‘ఈ శనివారానికి సరుకు ఉందా’ అని.

వచ్చే సీజన్ పట్టికలో మొదటి వరుస డిసెంబరులో పడదు. జులై మొదటి గురువారం, ఆ నాలుగు పారిష్‌ల కరువు రంగుతో మొదలవుతుంది. అక్టోబరులో మడులకు నీళ్లు పెట్టిన వారం నుంచి 7 రోజుల సగటు గడి తెరుస్తాం. ధర గడి మాత్రం డిసెంబరు దాకా ఖాళీగానే ఉంటుంది.